రామన్నకుంట పేజీ

శుక్రవారం పొద్దున సౌదీలోని రాస్ తనూరా క్యాంపులో ఎవరి పని వాళ్లకుంటుంది. ఒకడు బట్టలు పిండుకుంటాడు, ఒకడు తలకు రంగేసుకుంటాడు, ఇంకొకడు వారమంతా కరువైన నిద్ర తీర్చుకుంటాడు. బాలన్న మాత్రం పై మంచం మీద గోడకు వీపు ఆనించి కూర్చుని ఫోన్లో ఒకే ఒక్క పేజీ తెరుస్తాడు. సినిమాలు వద్దు, వార్తలు వద్దు, నవ్వించే వీడియోలు అసలే వద్దు. ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో తన ఊరి పేజీ. రామన్నకుంట, నిజామాబాద్ జిల్లా.

ఆ పేజీని అతడు చదువుతున్నాడనుకుంటే పొరపాటే. అందులో జనాభా ఉంది, బడులున్నాయి, సాగు భూమి ఎంతో ఉంది, తాగునీటి సంగతి ఉంది. బాలన్న ఒక్క ముక్క చదవలేదు. చదువు రాక కాదు, ఏడో తరగతి దాకా బాగానే వెలగబెట్టాడు. కానీ ఆ పేజీలో కుడి పక్కన ఒక ఫోటో ఉంది. చూపు దాని మీదికి పోయాక ఇక పక్కకు రాదు.

ఫోటోలో ఒక ఇంటి అరుగు మీద ఒకామె కూర్చుని బీడీలు చుడుతోంది. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు. కొంగు తల మీదికి లాక్కుని, ముఖం సగం పక్కకు తిప్పి, పక్కింటి వాళ్లతో ఏదో అంటున్నట్టుంది. ముక్కుపుడక మీద ఎండ పడి మెరుస్తోంది. కింద 'రామన్నకుంటలో బీడీలు చుడుతున్న మహిళ' అని రాసి ఉంది. ఆ మహిళ పేరు బాలన్నకు తెలుసు. ముత్యవ్వ. అతని భార్య. ఆమె చనిపోయి పదిహేడేళ్లు దాటింది.

ఆ పేజీ మొదట చూపించింది లింబాద్రి. కింది మంచం అతనిది, ఊరు జగిత్యాల దిక్కు, వయసులో చిన్నవాడు, ఫోన్ చేతిలో ఉంటే తిండి సంగతే గుర్తుండదు. రెండేళ్ల కింద ఒక శుక్రవారం ఊసుపోక, "అన్నా, మీ ఊరి పేరు కొడుదాం, ఏమొస్తదో చూద్దాం" అన్నాడు. కొట్టాడు, వచ్చింది. బాలన్న ఫోన్ అందుకుని, ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చూసి, "గీమె మా ఇంటామె తమ్మీ" అన్నాడు. ఆ రోజు సాయంత్రం దాకా ఫోన్ తిరిగివ్వలేదు.

ముత్యవ్వ అని ఎలా తేల్చుకున్నాడంటే, ఊరు తనది, ఆమె బీడీలు చుట్టేది, అరుగు మీదే కూర్చునేది. రామన్నకుంటలో ఏ అరుగు చూసినా ఇదే పని కాబట్టి, ఆ లెక్కన ఊళ్లో ఆడవాళ్లంతా ముత్యవ్వలే కావాలి. అయినా ఆశపడ్డ మనిషికి లెక్కలు ఎవరు చెప్పగలరు?

పైగా అతనికి పోల్చి చూసుకోవడానికి ఇంకో ఫోటో లేదు. పెళ్లి ఆల్బమ్ ఇల్లు కురిసి ముద్దయింది. పర్సులో పెట్టుకున్న ఫోటో సౌదీలోనే తబూక్ తోటల్లో పనిచేసిన రోజుల్లో చెమటకు నాని, సరిగ్గా ముఖం దగ్గరే పొక్కి ఊడిపోయింది. రేషన్ కార్డు మీద ఉన్నదాన్ని ఫోటో అనడం కన్నా మసి మరక అంటే న్యాయంగా ఉంటుంది. పెళ్లయిన ఏడాదే తబూక్ వచ్చాడు. రెండేళ్లకోసారి సెలవు మీద పోవడం, ఇంట్లో తిరగడం అలవాటయ్యే లోపల మళ్లీ విమానం ఎక్కడం. కూతురు సంధ్య నడక నేర్చే వయసులో ముత్యవ్వకు కామెర్లు వచ్చాయి. కబురు అందగానే బాలన్న తన యజమాని కఫీల్ దగ్గరికి పోయి పాస్‌పోర్టు అడిగాడు. తోటలో కోతలు నడుస్తున్నాయి. కఫీల్ 'బుక్రా' అన్నాడు, రేపు చూద్దామని. మర్నాడు కూడా బుక్రా అన్నాడు. ఎగ్జిట్ కాగితం చేతికొచ్చేసరికి ఊళ్లో ముత్యవ్వ దినాలు కూడా అయిపోయాయి.

అలాంటి మనిషికి ఒక ఫోటో దొరికితే ఏం చేస్తాడు? అదే చేశాడు. మేనత్త ఇంట్లో ఉండి ఇంటర్ చదువుతున్న సంధ్యకు పంపి, "ఇగో బిడ్డా, మీ అమ్మ" అన్నాడు. ఊహ తెలిశాక అమ్మ ముఖం చూడని పిల్ల. పెద్ద సైజులో తీయించి ఫ్రేము కట్టించింది. అద్దం మీద బొట్టు పెట్టి, దండ వేసి గోడకు తగిలించింది. పెద్దలకు ఇచ్చుకునే పెత్రమాస వచ్చినప్పుడు ఆ ఫోటో ముందు బియ్యం, కూరగాయలు పెట్టి ముత్యవ్వ పేరు చెప్పి అయ్యగారికి ఇచ్చారు. బాలన్న అదంతా ఫోన్లో చూసి దండం పెట్టుకున్నాడు. మేనత్త మాత్రం ఫోటోను ఓసారి దగ్గరగా, ఓసారి దూరంగా చూసి, "ఉండొచ్చు" అంది. తమ్ముడు అంత సంబరపడ్డాక ఆమె మాత్రం ఏమంటుంది?

ఇప్పుడు సంధ్య డిగ్రీకి వచ్చింది. ప్రతి ఒక్కరూ తమ ఊరి మీద ఒక ప్రాజెక్టు రాయాలని కాలేజీలో మేడం చెప్పారు. సంధ్య పెరిగింది మేనత్త ఊళ్లోనే అయినా నాన్న ఊరినే ఎంచుకుంది. బాలన్న ఉబ్బిపోయాడు.

"అండ్ల అమ్మ ఫోటో ఎయ్యి బిడ్డా. కింద పేరు రాయి. మహిళ అని గాదు, ముత్యవ్వ అని అచ్చుల ఉండాలె."

అదొక్కటే అతని కోరిక. ముత్యవ్వ పేరు ఈ లోకంలో ఎక్కడా అచ్చులో లేదు. ఇంటి గోడ మీద పేరు రాయించుకునే తాహతు లేకపోయింది. చనిపోతే పేపర్లో వేసేంత మనుషులు కారు. కూతురి పుస్తకంలోనైనా ఆ పేరు ఉండాలని అతనికి ప్రాణం కొట్టుకుంటోంది. వారం వారం అదే అడిగాడు. సంధ్య మొదట సరేనంది, తర్వాత రాస్తున్నానంది, తర్వాత ఆ మాట రాగానే వేరే మాటలోకి పోవడం మొదలుపెట్టింది.

ఒక శుక్రవారం అన్నాలయ్యాక ఫోన్ చేస్తే పిల్ల గొంతు మామూలుగా లేదు.

"తిన్నవా బాపూ?"

"తిన్న. అమ్మ ఫోటో ఏసినవా?"

 సంధ్య మెల్లగా మొదలుపెట్టింది. "మా మేడం ఏం చెప్పిందంటే, ఆ పేజీ చూసుడు తప్పు గాదు, ఆడనే ఆగిపోవుడు తప్పు అన్నది. అండ్ల ఎవలన్న రాయొచ్చు. మంచి మనసుతోటే రాస్తరు, కని పొరపాటు పడొచ్చు. గందుకే మాట ఎన్క చిన్న అంకె ఉంటది. అది ఒత్తితే ఆ మాట యాడికెళ్లి వచ్చిందో కింద కనవడ్తది. మనం ఆడిదాక పోయి చూసుకోవాలె. ఫోటోకు గూడ గంతే బాపూ. ఒత్తితే ఎవలు తీసిన్రో, ఎప్పుడు తీసిన్రో వస్తది."

"ఎవలు తీస్తే ఏంది? మీ అమ్మ మీ అమ్మే గదా."

"ఆ ఫోటో అమ్మ పోయిన తొమ్మిదేండ్లకు తీసిన్రు బాపూ."

 సంధ్య ఆగితే మళ్లీ చెప్పలేననుకుందేమో, మిగతాది కూడా చెప్పేసింది. జగిత్యాల జిల్లాలో ఇంకో రామన్నకుంట ఉందట. ఎవరో పేరు చూసి, జిల్లా చూడక ఆ ఊరి ఫోటో ఈ ఊరికి పెట్టారట. తీసినాయనకు పిల్ల ఉత్తరం రాస్తే ఆయన అవునని జవాబిచ్చాడట. అయినా సంధ్య అక్కడితో ఊరుకోలేదు. మేనత్తను వెంటబెట్టుకుని బస్సెక్కి ఆ ఊరికే పోయింది. ఆ అరుగు ఉంది. అరుగు మీద ఆమె కూడా ఉంది. పేరు భూదవ్వ.

"బతికే ఉన్నది బాపూ. మనం ఆమెకు దండేసినం" అంటూ సంధ్య ఏడ్చింది.

బాలన్నకు కోపం తన్నుకొచ్చింది. ఎవరి మీదో తెలియదు కాబట్టి దొరికిన వాళ్ల మీద చూపించాడు. "గా మేడంకు ఏం ఎర్క? ఆమె చూసిందా మీ అమ్మను? తాళి గట్టినోన్ని నేను చూసిన. ఎయ్యబుద్ధి గాకుంటే ఎయ్యకు. ఆమె గాదని మాత్రం అనకు" అని ఫోన్ పెట్టేశాడు.

ఆ వారం అతడు పైపులు బిగిస్తుంటే పక్కవాడు రెండుసార్లు హెచ్చరించాల్సి వచ్చింది. ధ్యాస పని మీద లేదు. ఎండ ఎప్పటిలాగే మాడ్చేస్తోంది, సముద్రం మీది నుంచి ఉప్పు గాలి వీస్తోంది. క్యాంపుకొచ్చి స్నానం చేసి, తిని, ఫోన్ పక్కన బోర్లా పెట్టి పడుకునేవాడు. లింబాద్రి చూసి చూసి ఒక సాయంత్రం ఉండబట్టలేక అడిగాడు.

"ఏందన్నా, పేజీ తెరుస్తలేవు?"

బాలన్న ఫోన్ అతని చేతిలో పెట్టాడు. "ఫోటోను ఒత్తితే ఏందో వస్తదట. ఒత్తు."

లింబాద్రి ఒత్తాడు. ఫోటో పెద్దదై, దాని కింద చిన్న అక్షరాలు వరుసగా వచ్చాయి. తీసినాయన పేరు, తీసిన తేదీ, ఆయన రాసుకున్న ఒక వాక్యం. 'రామన్నకుంట, జగిత్యాల జిల్లా. బీడీ కార్మికురాలు.' బాలన్న ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి తనే చదివాడు. జిల్లా పేరు దగ్గర వేలు ఆగింది. రెండేళ్లుగా ఆ మాట అక్కడే ఉంది. ఎవరూ దాచలేదు, తాళం వేయలేదు. ఒక్కసారి వేలితో తాకితే కనబడేది.

"మా దిక్కు గూడ గీ పేరుతోటి ఊరు ఉన్నదన్నా. నాకు అప్పుడే అనుమానమొచ్చె" అన్నాడు లింబాద్రి తల దించుకుని.

"మరి చెప్పకపోతివి?"

"నీ ముఖం చూసినంక నోరు రాలే."

బాలన్న ఫోన్ వెనక్కి తీసుకున్నాడు. అక్క చెప్పలేదు, లింబాద్రి చెప్పలేదు, అందరూ తన మీద ప్రేమతోనే నోరు మూసుకున్నారు. ఆ ప్రేమంతా కలిసి ఎవరో బతికున్న మనిషిని గోడకెక్కించి దండ వేసింది. నిజం కనుక్కోవడానికి పంతొమ్మిదేళ్ల పిల్ల బస్సెక్కాల్సి వచ్చింది. ఆ పిల్లనే తను కసిరాడు.

లింబాద్రి కిందికి దిగాక బాలన్న ఆ పేజీని మొదటిసారి పైనుంచి కింది దాకా చదివాడు. ఊళ్లో ప్రాథమిక పాఠశాల ఉందన్నారు, నిజమే. పసుపు పండుతుందన్నారు, అదీ నిజమే. వాగు మీద వంతెన ఉందన్నారు, అది తనకు తెలియదు, తను వచ్చేశాక కట్టి ఉంటారు. జనాభాలో ఆడవాళ్లు ఇంతమంది అని ఒక అంకె ఉంది. ఏ ఏటి లెక్కో పక్కనే రాశారు. ఆ లెక్క తీసేనాటికి ముత్యవ్వ పోయింది. ఆ అంకెలో కూడా ఆమె లేదు.

ఫోన్ పక్కన పెట్టి కళ్లు మూసుకున్నాడు. పోనీ, ఫోటో పోతే పోయింది, మనిషి నాదే కదా, ముఖం నాకు తెలుసు కదా అనుకున్నాడు. ముత్యవ్వను తలుచుకున్నాడు. భూదవ్వ వచ్చింది. ఆ కొంగు, ఆ ముక్కుపుడక, ఆ సగం తిప్పిన ముఖం. కాదని తోసేసి మళ్లీ తలుచుకున్నాడు. మళ్లీ ఆమే వచ్చింది. పెళ్లినాటి ముత్యవ్వను తలుచుకుంటే బాసికం కింద భూదవ్వ ముఖమే ఉంది. రెండేళ్లు ప్రతి శుక్రవారం తదేకంగా చూసి చూసి, లోపల మిగిలిన కాస్త ముఖాన్ని తన చేతులతో తనే తుడిపేసుకున్నాడు. బాలన్నకు భయం వేసింది. కబురు వచ్చిన రోజు కూడా అంత భయం వేయలేదు.

శుక్రవారం వచ్చింది. సంధ్య ఫోన్ చేస్తుందేమోనని చూసి, చివరికి తనే చేశాడు.

"కోపం చేసిన బిడ్డా."

"ఏం గాదు బాపూ. నేను గూడ నీకు తెల్వకుంట పోయిన గదా."

"గా భూదవ్వకు దండ సంగతి చెప్పిన్రా?"

"అత్త వద్దన్నది, నేనే చెప్పిన. దాచి వస్తే తప్పనిపిచ్చింది. ముందుగాల ఆమె ముఖం మాడిపోయింది. జరసేపయినంక నవ్వింది. 'రెండేండ్లు నాకు మొక్కిన్రా, గందుకే మోకాళ్ల నొప్పులు తగ్గినయేమో' అన్నది. అన్నం తిన్నదాక పోనియ్యలే."

బాలన్నకు కూడా నవ్వొచ్చింది. "సల్లగుండాలె. ఇంటికొచ్చినప్పుడు ఆమెకు చీర పెట్టొస్త" అన్నాడు.

"దండ తీసేసినం. ఫోటో ఆమె ఊరి పేజీకి మార్చిన, ఎందుకు మార్చిన్నో గూడ ఆడ రాసిన. మన పేజీల ఇప్పుడు ఫోటో లేదు బాపూ." ఇంకో సంగతీ చెప్పింది. "అమ్మ పేరు ఆ పేజీల రాయరాదు. దానికి అచ్చయిన ఆధారం ఉండాలె. కని నా ప్రాజెక్టుల రాయొచ్చు. అమ్మతోటి బీడీలు చేసినోళ్లను అడిగి రాయమని మేడం అన్నది. నువ్వు గూడ చెప్పు. నువ్వు నీ అంతట నువ్వు ఎరిగిందే చెప్పాలె. ఫోటోల చూసింది వద్దు."

బాలన్న గొంతు తగ్గించాడు.

"ముఖం యాదికొస్తలేదు బిడ్డా."

ఆ మాట అతడు అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. చెప్పాక ఆగలేదు. "గా భూదవ్వే వస్తున్నది. మీ అమ్మ ముక్కుపుడక పెట్టుకునేదో లేదో గూడ చెప్పరాకుంటున్నది. నేనెట్ల మొగోన్ని బిడ్డా?" అని పై మంచం మీద కూర్చుని, కింద లింబాద్రి ఉన్నాడని కూడా చూడక ఏడ్చాడు. లింబాద్రి చెప్పులు తొడుక్కుని బయటికి పోయాడు.

అతని ఏడుపు ఆగేదాకా సంధ్య ఫోన్లోనే ఉంది. "ముఖం వద్దు బాపూ. ఇంకేమున్నది నీ దగ్గర?"

ఏముంది? బాలన్న ఆలోచించాడు. తబూక్‌లో టెలిఫోన్ క్యాబిన్ ముందు వరుసలో నిలబడిన శుక్రవారాలున్నాయి. ఊళ్లో కిరాణా కొట్టు ఫోన్ దగ్గర ముత్యవ్వ బిడ్డను చంకనేసుకుని కాచుకుని ఉండేది. వాళ్ల సంసారమంతా ఆ తీగల మీదే జరిగింది. గొప్ప మాటలేమీ అనుకోలేదు. వాన పడ్డది. బిడ్డకు పండ్లు వస్తున్నయి. ఆకు మంచిగ లేదని కార్ఖానాల బీడీలు తీసిపారేసిన్రు. నువ్వు తిన్నవా? అవన్నీ ఒక్కొక్కటిగా చెప్తుంటే బాలన్నకే ఆశ్చర్యం వేసింది. ముఖం రాలేదు గానీ మాటలు అలాగే ఉన్నాయి. ఏ మాట దగ్గర ఆమె ఊపిరి తీసుకునేదో కూడా గుర్తుంది.

"అమ్మ గొంతు ఎట్లుండె బాపూ?"

నీ గొంతే. ఆ మాట నాలుక చివరికొచ్చింది. పిల్ల పదో తరగతికొచ్చినప్పటి నుంచి అతనికి అలాగే అనిపిస్తోంది. అందుకే చెప్పడానికేమీ లేకపోయినా ఫోన్ పెట్టడు. కానీ బాలన్న ఆగాడు. ఫోటో చూసినప్పుడు కూడా ఇంతే గట్టిగా అనిపించింది. మోసపోయింది కళ్లయితే, చెవులు మాత్రం మోసపోవని ఏముంది?

"నాకైతే నీ గొంతు లెక్కనే అనిపిస్తది. కని రాయకు బిడ్డా. నేను ఆశపడ్డోన్ని, నా ఒక్కని మాట పట్టుకోకు. వేరేటోళ్లను అడుగు."

"అడిగిన బాపూ."

"ఏమన్నరు?"

"మొన్న మన రామన్నకుంట పోయిన. పడమటి వాడల అమ్మతోటి బీడీలు చేసిన ముసలామె ఉన్నది. కండ్లు కనవడయి. నేను దర్వాజ కాడ నిలవడి 'లోపల ఎవలన్న ఉన్నరా' అన్న. నేనెవలో ఇంక చెప్పనే లేదు. లోపలికెళ్లి 'ముత్యవ్వా, రా బిడ్డా, ఎప్పుడొచ్చినవ్' అన్నది."

బాలన్న ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఆమె ఒక్కతే అంటే నేను గూడ రాయకపోదును" అంది సంధ్య. "ఇంకిద్దరిని అడిగిన, వేరే వేరే ఇండ్లల్ల. ఒగలన్నది ఇంకొగలకు చెప్పకుంట అడిగిన. వాళ్లు గూడ గదే అన్నరు. గప్పుడు రాసిన. 'మా అమ్మ ముత్యవ్వ. ఆమె గొంతు నాకు వచ్చిందని ఆమెతోటి పని చేసిన ముగ్గురు చెప్పారు.' మా నాయిన గూడ చెప్పిండని ఇప్పుడు కలుపుత."

 బయట ఎవరో నల్లా విప్పి బకెట్ నింపుకుంటున్నారు.

"ఇంక మాట్లాడు బిడ్డా" అన్నాడు బాలన్న.

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న. గా పేజీ సదువు."

సంధ్యకు అర్థమైంది. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. "రామన్నకుంట, తెలంగాణ రాష్ట్రం, నిజామాబాద్ జిల్లాలోని గ్రామం. గ్రామంలో ఒక ప్రాథమిక పాఠశాల ఉంది. సమీప కళాశాల ఆర్మూరులో ఉంది. వరి, పసుపు, మొక్కజొన్న ప్రధానమైన పంటలు. గ్రామానికి బస్సు సౌకర్యం ఉంది." ముత్యవ్వ చదువుతోంది. బాలన్న గోడ వైపు తిరిగి, కళ్లు మూసుకుని, బడి గురించీ బస్సు గురించీ పసుపు గురించీ ఆమె నోటి నుంచి వింటున్నాడు. ఒకచోట ఊపిరి తీసుకోవడానికి ఆమె ఆగితే, లైను పోయిందేమోనని కంగారుపడి, "ఊఁ, ఇంటున్న" అన్నాడు.